అయిదో చక్రం

మా ఇంట్లో వాడని వస్తువంటే కొత్త వస్తువనే లెక్క. పెళ్ళినాటి పట్టుచీర బీరువాలో ఉంది, కట్టలేదు కనుక అది కొత్తది. అటక మీది ఇత్తడి గంగాళం కొత్తది. అలాగే మా కారు డిక్కీలో పడుకున్న అయిదో చక్రం కూడా కొత్తదే అనుకుంటూ వచ్చాం, 2024 ఆగస్టులో ఒక వానపొద్దు దాకా.

విజయవాడలో పెళ్ళి చూసుకుని హైదరాబాదు తిరిగొస్తున్నాం. సూర్యాపేట ఇంకా కొంత దూరం ఉందనగా ముందు చక్రం పంక్చరయింది. మావారు జాకీ వేసి, వానా చెమటా కలిసి కారుతుంటే స్టెప్నీ బిగించారు. "చూశావా? పదమూడేళ్ళుగా నేలమీద పెట్టలేదు. బ్రహ్మాండమైన టైరు!" అన్నారు గర్వంగా. నిజమే, కొత్త టైర్లకి ఒంటినిండా ఉండే సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా దానికి ఊడలేదు. నల్లగా నిగనిగలాడుతోంది.

ఊరు చేరేసరికి పంక్చర్ షాపు కనిపించింది. షాపాయన పెద్దవాడు, మలయాళీ. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇక్కడే ఉన్నాట్ట, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతున్నాడు. పాత చక్రానికి పంక్చర్ వేశాక మావారు, "దాన్ని డిక్కీలో పడెయ్. కొత్తదే నడవనీ" అన్నారు. ఆయన మాట్లాడలేదు. గొంతుక్కూర్చుని, తడిగుడ్డతో ఆ కొత్త టైరు పక్క తుడిచి, సెల్‌ఫోను వెలుతురు దానిమీద వేసి, నావైపు తిరిగాడు.

"అమ్మా, మీకు కళ్ళజోడుంది గదా. ఈ నాలుగంకెలు చదవండి."

వంగి చదివాను. 1411.

"చివరి రెండూ సంవత్సరం, మొదటి రెండూ వారం. 2011లో పధ్నాలుగో వారం. ఏప్రిల్లో పుట్టిందమ్మా ఇది. పదమూడేళ్ళు దాటింది" అంటూ బొటనవేలితో టైరు పక్కభాగాన్ని నొక్కి చూపించాడు. వేసవిలో చెరువు అడుగున నెర్రెలు విచ్చినట్టు సన్నని పగుళ్ళు, చుట్టూతా.

"అసలు వాడందే!" అన్నారు మావారు.

"వాడకపోతే మాత్రం వయసు రాదా సార్?"

ఆ మాటకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. వెనక సీట్లో మా అత్తగారు జపమాల తిప్పుకుంటున్నారు. ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని మా అమ్మాయి నిద్రపోతోంది. అక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డు మీద మావారు ఏ స్పీడున వెళ్తారో నాకు తెలుసు. ఆయన మారుమాట్లాడకుండా పంక్చర్ వేసిన పాత చక్రాన్నే మళ్ళీ బిగించమన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బి.ఏ.లో చరిత్ర చదివిన దాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడింటి తేదీలూ ఇప్పటికీ నోటికొస్తాయి. నా వాళ్ళందర్నీ మోసుకెళ్ళే చక్రం మీది తేదీ చదవడం మాత్రం పంక్చర్ షాపాయన చెప్తేగాని తెలియలేదు. ఆ సిగ్గుతోనే టైరు పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలెట్టాను. వెతికినకొద్దీ అది మగవాళ్ళ గరాజు కథ మాత్రమే కాదని, అందులో వంటిళ్ళూ, కట్నాలూ, కాటుకలూ, కూలితల్లులూ ఉన్నారని తెలిసింది. అంచేత మీకూ చెప్తున్నాను.

ముందు ఆ 'స్టెప్నీ' అన్న పేరు సంగతి. అది ఇంగ్లీషులో మామూలు మాటే అనుకునేదాన్ని. కాదు, ఒక వీధి పేరు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లనెల్లీ అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో స్టెప్నీ వీధిలో ఇనపసామాను వ్యాపారం చేసుకునే డేవీస్ సోదరులు 1904లో ఒక ఉపాయం కనిపెట్టారు. ఆ రోజుల్లో కారు కొంటే నాలుగు చక్రాలే ఇచ్చేవారు. దారిలో టైరు పోతే అక్కడే చతికిలబడి, టైరు ఊడదీసి, ట్యూబుకి అతుకు వేసి, మళ్ళీ ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టుకోవాలి. డేవీస్‌లు ఆకులు లేని ఉత్త చుట్టు తయారుచేసి, దానికి గాలి నింపిన టైరు తొడిగి, పోయిన చక్రం పక్కనే బిగించుకునేట్టు అమర్చారు. ఆ చక్రాన్ని ప్రపంచమంతా వీధి పేరుతోనే పిలిచింది. ఆ తరువాత కార్ల కంపెనీలే అయిదో చక్రం ఇవ్వడం మొదలెట్టాయి, డేవీస్‌ల చక్రంతో పని లేకపోయింది. ఇంగ్లండులో ఇప్పుడా మాట వాడుకలో లేదు. మనదేశంలో మాత్రం పల్లెటూరి ఆటో డ్రైవరు కూడా స్టెప్నీ అనే అంటాడు. బ్రెజిల్ వాళ్ళ 'ఎస్తెపి' కూడా ఇదే.

అన్నట్టు, మన సినిమాల్లో ఈ మాటకి ఇంకో నీచార్థం ఉంది. ఇంట్లో భార్య ఉండగా బయట పెట్టుకున్న ఆడమనిషిని అలా అంటారు. నేనూ ఒక నవలలో ఒక పాత్రచేత ఆ మాట అనిపించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. అవసరానికి ఆదుకునేదాన్ని చులకన చెయ్యడం మనకలవాటే కదా.

'టైర్' అన్న మాట 'అటైర్' లోంచి వచ్చిందని నిఘంటుకారులు చెప్తారు. అటైర్ అంటే ముస్తాబు, కట్టుకునే బట్ట. అంటే చక్రానికి కట్టిన చీరన్న మాట! మొదట్లో ఆ చీర ఇనపది. మన ఎడ్లబండి చక్రానికి పట్టా వెయ్యడం చిన్నప్పుడు చూసినవాళ్ళు మీలో ఉండేవుంటారు. ఇనప పట్టాని మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రం చుట్టూ దించి, గబగబా నీళ్ళు గుమ్మరిస్తే అది చుయ్యిమంటూ ముడుచుకుపోయి కర్రని బిగించి పట్టుకునేది. ఆ బండి ఎక్కితే నడుములు విరిగేవి. ప్రపంచంలో అన్ని చోట్లా చక్రం వేల ఏళ్ళు అలాగే నడిచింది.

చక్రానికి రబ్బరు దొరకడం వెనక ఒక ఇల్లాలి కన్నీళ్ళున్నాయి. రబ్బరుపాలు దక్షిణ అమెరికా అడవుల్లో వాళ్ళకి అనాదిగా తెలుసు. ఆ రబ్బరుతో వచ్చిన చిక్కేమిటంటే ఎండాకాలం జిగురై కారిపోయేది, చలికాలం రాయిలా గట్టిపడి పగిలేది. దాన్ని దారికి తెస్తానని అమెరికాలో చార్లెస్ గుడియర్ అనే ఆయన కంకణం కట్టుకున్నాడు. అప్పులు చేశాడు, అప్పులవాళ్ళు జైల్లో పెట్టించారు. ఇంట్లో సామాను అమ్మేశాడు. చివరికి పిల్లల బడి పుస్తకాలు కూడా అమ్మేశాడట. 1839లో మాసచూసెట్స్ రాష్ట్రంలో గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి వేడి పొయ్యికి తగిలింది. కరిగి కారిపోవాల్సిన ముక్క తోలులా సాగుతూ గట్టిగా నిలిచింది. అదే వల్కనైజేషన్. 1844లో పేటెంటు వచ్చింది గాని, ఎవరుపడితే వాళ్ళు ఆ పద్ధతి వాడేసుకుంటుంటే కోర్టుల చుట్టూ తిరగడంతోనే ఆయన సరిపోయాడు. 1860లో పోయేనాటికి సుమారు 2 లక్షల డాలర్ల అప్పు మిగిల్చాడు. ఆయన పేరుతో ఇవాళ మనం చూసే టైర్ల కంపెనీ ఆయన పోయిన 38 ఏళ్ళకి, 1898లో, వేరేవాళ్ళు పెట్టింది. పేరు గౌరవార్థం పెట్టారు, అంతే. ఆయన భార్య క్లారిస్సా 1853లోనే కన్నుమూసింది. పొయ్యి మీద ఆ ముక్క పడ్డ రోజు ఆ ఇంట్లో పొయ్యి మీదకి వంట ఏముందో చరిత్రకారులు రాయలేదు. నాకు ముందు ఆ అనుమానమే వచ్చింది.

గాలి టైరు కథ మరీ విచిత్రం. దాన్ని రెండుసార్లు కనిపెట్టారు. స్కాట్లండు కుర్రవాడు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో, తన 23వ ఏట, రబ్బరు పూసిన గుడ్డగొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి పేటెంటు తీసుకున్నాడు. లండన్ పార్కులో గుర్రబ్బండికి కట్టి చూపించాడు కూడా. చప్పుడు లేకుండా నడిచిందట. అయినా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి కార్లు లేవు, రబ్బరు ఖరీదు, అవసరమూ కనిపించలేదు. లోకం ఆయన సంగతే మర్చిపోయింది.

నలభై రెండేళ్ళ తరువాత, 1887లో, ఐర్లండులోని బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు రాళ్ళమీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేకపోయాడు. పల్చని రబ్బరు గొట్టం చేసి, గాలి నింపి, కర్రచక్రం చుట్టూ గుడ్డతో చుట్టి మేకులు కొట్టాడు. పిల్లవాడి సైకిలు చక్రాన్నీ దీన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. అది మధ్యలోనే పడిపోయింది, ఇది పెరడు దాటి గేటుకి కొట్టుకుని వెనక్కి కూడా వచ్చింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1889లో ఈ టైర్లు వేసుకుని విల్లీ హ్యూమ్ అనే కుర్రవాడు బెల్‌ఫాస్టులో సైకిలు పందాలు గెలిచాక లోకం కళ్ళు తెరిచింది. తీరా 1890లో థామ్సన్ పాత పేటెంటు బయటపడి డన్లప్ పేటెంటు చెల్లదన్నారు. పేరు ఆయనది, లాభాలు ఇంకొకళ్ళవి.

అదే 1888 ఆగస్టులో జర్మనీలో ఇంకో తల్లి ఇంకో చక్రం కదిలించింది. కార్ల్ బెంజ్ కారు కనిపెట్టి, కొనేవాళ్ళు లేక దిగాలుగా కూర్చున్నాడు. ఆయన భార్య బెర్తా పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. ఒకరోజు పొద్దున్నే, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు మగపిల్లల్నీ వెంటబెట్టుకుని కారు తీసింది. మన్‌హైమ్ నుంచి పుట్టింటివారున్న ఫోర్జ్‌హైమ్‌కి నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. లోకంలో మొదటి దూరప్రయాణం అదే! అప్పటికింకా కారు చక్రానికి గాలి ఎక్కలేదు. ఆ తల్లి నడుము ఎలా తట్టుకుందో గాని, సాయంత్రానికి పుట్టిల్లు చేరింది. ఆడవాళ్ళం పుట్టింటికెళ్ళాలనుకుంటే ఎవరాపగలరు?

కారుకి గాలి టైరు తొడిగిన ఘనత ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులది. 1889లో ఒక సైకిలాయన టైరు బాగుచెయ్యమని వాళ్ళ షెడ్డుకొచ్చాడు. టైరు చక్రానికి జిగురుతో అంటించేసి ఉంది. బాగుచెయ్యడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి ఒక రాత్రి. ఇదేం ఖర్మ అనుకుని ఊడదీసి తొడుక్కునే టైరు చేసి 1891లో పేటెంటు తీసుకున్నారు. 1895లో పారిస్ నుంచి బోర్డోకి వెళ్ళి తిరిగొచ్చే పందెంలో తమ కారుని గాలి టైర్ల మీద నడిపారు. దారి పొడుగునా పంక్చర్లే. పందెం గెలవలేదు గాని, కారు గాలిమీద నడుస్తుందని రుజువైంది.

అప్పటి టైర్లు నల్లగా ఉండేవి కావు, తెల్లగా ఉండేవి! ఆ కంపెనీ వాళ్ళ గుర్తు, తెల్లటి టైర్ల దొంతర లాంటి ఆ లావుపాటి బొమ్మ మనిషి, 1898 నాటివాడు. అందుకే తెల్లగా ఉంటాడు. 1904 ప్రాంతంలో ఇంగ్లండులో రబ్బరులో మసి కలిపితే ఎన్నో రెట్లు గట్టిపడుతుందని గ్రహించారు. మసి అంటే మరేం లేదు, నూనె కాలితే వచ్చే నల్లటి పొడి. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి మన అమ్మమ్మలు కాటుక పట్టేవారే, ఆ జాతిదే. 1910ల నుంచి టైర్లన్నీ కాటుక పెట్టుకుని నల్లబడ్డాయి. అందం కోసం కాదు, ఆయుర్దాయం కోసం.

అంతకు కాస్త ముందు, 1909లో, అమెరికాలో ఆలిస్ రామ్సే అనే 22 ఏళ్ళ ఇల్లాలు, ఒక బిడ్డ తల్లి, న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా ఆ ఖండమంతా అడ్డంగా కారు నడుపుకుంటూ వెళ్ళింది. వెంట ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ డ్రైవింగు రాదు. 59 రోజులు పట్టింది. దారిలో 11 టైర్లు మార్చాల్సొచ్చింది. ఈ సంగతి చదివిన రోజున మావారి చేతిలోంచి జాకీ లాక్కుని నట్లు విప్పడం నేర్చుకున్నాను. మొదటిరోజు నట్టు కదల్లేదు. స్పానరు మీద కాలు పెట్టి తొక్కమని మా అమ్మాయి చెప్పింది. అప్పుడు కదిలింది.

ఇంతవరకూ సరదా కథే. ఇక్కణ్ణుంచి చెప్పాలంటే మనసొప్పదు, చెప్పకపోతే తప్పు. సైకిళ్ళకీ కార్లకీ టైర్లు కావాలనేసరికి లోకానికి రబ్బరు దాహం పట్టుకుంది. ఆఫ్రికాలో కాంగో దేశాన్ని బెల్జియం రాజు రెండో లియొపోల్డు తన సొంత జాగీరు చేసుకుని, అడవి తీగల్లోంచి రబ్బరు తెమ్మని ఊళ్ళమీద పన్ను వేశాడు. చెప్పినంత తేకపోతే సైనికులు కాల్చారు, చేతులు నరికారు. 1904లో ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ స్త్రీ ఒక ఫొటో తీసింది. న్‌సాలా అనే తండ్రి అరుగుమీద కూర్చుని ఉంటాడు. ఎదురుగా అతని చిన్నకూతురి తెగిన చెయ్యి, పాదం. ఆ ఫొటోలు ఊరూరా చూపించగా చూపించగా లోకం ఛీకొట్టింది. 1908లో రాజు చేతిలోంచి కాంగో పోయింది. ఆ ఫొటో ఒక్కసారే చూశాను. రెండోసారి చూడలేను.

బ్రెజిల్ నుంచి హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషాయన 1876లో 70,000 రబ్బరు గింజలు లండన్‌కి చేరేశాడు. వాటిలో మొలిచిన మొక్కలే సింహళానికీ మలయాకీ చేరి, తోటలై పెరిగాయి. ఆ తోటల్లో పనికి మన ఉత్తర కోస్తా జిల్లాల వాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళారు. మలేషియాలో ఇవాళ తెలుగు మాట్లాడేవారు కనిపించడానికి ఆ తోటలే ఒక కారణం. రబ్బరుపాలు తెల్లవారుజామున చల్లదనంలో బాగా కారతాయి. అంచేత చీకటి ఉండగానే లేచి, చంటిపిల్లల్ని వదిలి, నుదుటికి దీపం కట్టుకుని చెట్టుచెట్టుకీ గాటు పెట్టుకుంటూ పోవాలి. ఆ పని చేసినవాళ్ళలో ఆడవాళ్ళెందరో. 1942 మొదట్లో మలయాని జపాను ఆక్రమిస్తుండగానే అమెరికా అంతటి దేశం అన్నిటికంటే ముందు రేషను పెట్టింది టైర్లకే. వాళ్ళ రబ్బరు చాలావరకు అటునుంచే కదా వచ్చేది!

మనదేశంలో మొదటి టైర్ల ఫ్యాక్టరీ 1936లో బెంగాలులో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్లప్ వాళ్ళు పెట్టారు. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఒక షెడ్డులో మామ్మెన్ మాప్పిళ్ళై బుడగలు తయారుచేయడం మొదలుపెట్టాడు. పిల్లలాడుకునే బుడగలే! అదే పెరిగి ఎం.ఆర్.ఎఫ్. అయింది, 1961 నాటికి టైర్లే చేసింది. వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి మన సదాశివపేటలో ఉంది.

అంబాసిడరు కాలం నాటి టైర్లు మీకు గుర్తుండే ఉంటాయి. లోపల ట్యూబు, పైన గుండయిపోయిన టైరు, దానికి మళ్ళీ రబ్బరు వేయించడం. వాటి లోపలి దారాలు నులకమంచం అల్లికలా ఏటవాలుగా ఒకదానిమీదొకటి అడ్డంగా ఉండేవి. చక్రం తిరుగుతుంటే ఆ పొరలు ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కేవి. 1946లో మిషెలిన్ వాళ్ళు రేడియల్ టైరుకి పేటెంటు తీసుకున్నారు. ఇందులో దారాలు ఏటవాలుగా ఉండవు, ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా, గాజుల వరసలా వస్తాయి. వాటిమీద నడుం చుట్టూ ఉక్కుతీగల వడ్డాణం ఒకటి. వేడి తగ్గింది, పట్టు పెరిగింది, మన్నిక పెరిగింది. మనదేశంలో 1977లో రేడియల్ తయారీ మొదలైంది. ఇప్పుడు కార్లన్నిటికీ అవే. రెండు రకాలూ ఒకే ఇరుసుమీద కలిపి వెయ్యకూడదు. రెండింటి నడకా వేరు. కారు ఒకవైపు లాగుతుంది.

ఆ వడ్డాణం ఊడితే ఏమవుతుందో 2000 సంవత్సరంలో అమెరికా చూసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఎండలో, స్పీడులో ఉన్నట్టుండి ఊడిపోయి బళ్ళు పల్టీలు కొట్టాయి. ఆగస్టులో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. 271 మంది పోయారని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క తేల్చింది. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ దెబ్బలాడుకున్నాయి. తేలిన సంగతులు మాత్రం మనకి పనికొచ్చేవి. టైరుకి శత్రువు వేడి. గాలి తక్కువైతే వేడి ఎక్కువవుతుంది. వయసు పెరిగితే పొరల పట్టు సడలుతుంది. ఆ దెబ్బతో చేసిన చట్టం వల్లే 2007 నుంచి అక్కడి కొత్త కార్లన్నిటిలో గాలి తగ్గితే దీపం వెలిగే ఏర్పాటు వచ్చింది. నాలుగంకెల తేదీ టైర్ల మీదకొచ్చింది కూడా 2000 నుంచే. అంతకు ముందు మూడంకెలుండేవి, ఏ దశాబ్దమో తెలిసేది కాదు.

సూర్యాపేట నుంచి వచ్చిన నాలుగో రోజున టైర్ల షాపుకి వెళ్ళాం. మావారు వెళ్ళి రేటు అడుగుతున్నారు. నేను కళ్ళజోడు పెట్టుకుని టైర్ల మధ్య తిరుగుతున్నాను. షాపు కుర్రాడు, "ఏం కావాలి మేడం?" అన్నాడు, చీరల కొట్టుకెళ్ళబోయి దారి తప్పి వచ్చాననుకున్నాడో ఏమో.

"పుట్టిన తేదీ కావాలి బాబూ" అన్నాను.

వాడు చూపించిన మొదటి టైరు నాలుగేళ్ళ పాతది. రెండోది మూడేళ్ళది. మూడోసారి లోపలికెళ్ళి మూడు నెలల నాటివి తెచ్చాడు. అడిగినవాళ్ళకే తాజా కూరగాయలు దొరికినట్టు, తాజా టైర్లూ అడిగినవాళ్ళకే. కొలత కూడా చదవడం నేర్చుకున్నాను. 165/80 ఆర్ 14 85 టి అని ఉందనుకోండి. 165 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి 80 వంతుల ఎత్తు, ఆర్ అంటే రేడియల్, చక్రం 14 అంగుళాలు. 85 అంటే ఆ ఒక్క టైరు మోయగల బరువు 515 కిలోలు, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. లావుపాటి టైరు వేస్తే కారు అందంగా ఉంటుందని కుర్రాళ్ళు సరదా పడతారు గాని, డ్రైవరు తలుపు లోపలివైపు అతికించిన చీటీలో ఏ కొలత ఉంటే అదే వెయ్యాలి. జాకెట్టు కొలత దర్జీకి వదిలేస్తామా?

రెండే కొత్తవి వేద్దామనుకున్నాం. మావారు ముందు చక్రాలకి వెయ్యమన్నారు. షాపు యజమాని తలూపలేదు. "కొత్తవి వెనక్కే సార్. తడి రోడ్డు మీద ముందు జారితే స్టీరింగుతో సర్దుకోవచ్చు. వెనక జారితే బండి బొంగరంలా తిరుగుతుంది." మావారు నమ్మలేదు. ఇంటికొచ్చి చదువుకున్నాక, నాతో గాక మా అమ్మాయితో, "అవునే, ఆయన చెప్పింది నిజమే" అన్నారు.

అరిగిందా లేదా చూడ్డం తేలికే. గాడుల అడుగున చిన్నచిన్న దిమ్మలుంటాయి. పైభాగం అరిగి అరిగి ఆ దిమ్మల మట్టానికి వస్తే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్న మాట. మన చట్టం కూడా కార్లకి ఆ హద్దే పెట్టింది. వానాకాలంలో అంతదాకా ఆగకపోవడమే మేలు. ఎంచేతంటే ఆ గాడులున్నది నీళ్ళని పక్కకి తోసెయ్యడానికి. గాడి లేకపోతే చక్రం నీళ్ళమీద తేలిపోతుంది, బ్రేకు తొక్కినా వినదు. టైరు పక్కన ఉబ్బు కనిపించిందంటే లోపల దారాలు తెగాయని అర్థం. దానికి వైద్యం లేదు, మార్చెయ్యడమే. గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు. ఎండలో నడిచి వేడెక్కాక గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసెయ్యకూడదు. అయిదేళ్ళు దాటిన టైరుని ఏడాదికోసారి తెలిసినవాళ్ళకి చూపించాలి. పదేళ్ళు దాటితే కొత్తగా కనిపించినా సరే, సెలవిప్పించెయ్యాలి. కంపెనీలే చెప్పే మాట ఇది.

ఒక్క విషయం చదివినప్పుడు మాత్రం నా గుండె జల్లుమంది. ఇంత పెద్ద కారులో, ఒక్కొక్క టైరూ నేలని తాకేది రమారమి అరచేయంత మేర! అంటే మా నలుగురి ప్రాణాలూ, మా అత్తగారి జపమాలతో సహా, నాలుగు అరచేతుల మీద ఉన్నాయన్న మాట. ఆ అరచేతుల వెనక ఎవరెవరి చేతులున్నాయో చదివి ఉన్నాను కనుక, ఆ రోజు నుంచీ కారెక్కే ముందు చక్రాలవైపు ఒక్క చూపు చూస్తాను.

2020లో మన ప్రభుత్వం కార్లకి ఒక సడలింపు ఇచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లూ, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటూ, పంక్చరు సామగ్రీ ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదంది. కొన్ని కార్లలో సన్నటి స్టెప్నీ ఇస్తున్నారు, గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని దానిమీదే రాసి ఉంటుంది. 1904లో స్టెప్నీ వీధిలో పుట్టిన అయిదో చక్రం మెల్లిగా సెలవు తీసుకుంటోంది కాబోలు.

మా డిక్కీలోది మాత్రం ఇంకా ఉంది, కొత్తది. గాలి కొట్టించుకోవడానికి బంకుకెళ్ళినప్పుడల్లా, కుర్రాడు నాలుగింటికీ పట్టి పంపు చుట్టేస్తుంటే నేను అద్దం దించి, "అయిదోదానిక్కూడా బాబూ" అంటాను. వాడు విసుక్కుంటాడు. డిక్కీలో సంచులన్నీ తియ్యాలి కదా మరి. మావారే దిగి తీస్తారు.

ఆ తరువాతి ఆదివారం బీరువా తెరిచి పెళ్ళినాటి పట్టుచీర కూడా బయటికి తీశాను. విప్పి చూస్తే మడత ఉన్నచోటల్లా జరీ విరిగి, పట్టు చీలికలై ఉంది. ఒక్కసారి కూడా కట్టలేదు. మా అత్తగారు చూసి, "వాడకపోతే మాత్రం వయసు రాదా?" అన్నారు.

ఆ రోజు వానలో, పంక్చర్ షాపు దగ్గర, ఆవిడ జపం చేసుకుంటున్నారనే అనుకున్నాను నేను!